కడిగేసుకున్న పసుపు

నందిగామ పిన్ని జగ్గయ్యపేటలో మా ఇంటికి ఎప్పుడొచ్చినా తలుపు మూసి చేతులు చాపేది. "దద్దుర్లేమన్నా ఉన్నాయేమో చూడవే."

హెచ్‌ఐవీకి మూడు మందులు కలిపి ఇస్తే ఒంటికి హాని చేస్తాయేమో తెలుసుకునే పరిశోధనలో ఆమె చేరింది. దద్దుర్లొస్తే మందు ఆపేస్తారని భయం.

ఒకరోజు నిజంగానే మోచేతుల దగ్గర కనిపించాయి. అమ్మ పసుపూ వేపాకూ నూరి పట్టించింది. పిన్ని కాసేపు కూర్చుని, లేచి మొత్తం కడిగేసుకుంది.

"కడిగావేంటే, తగ్గేదిగా!" అంది అమ్మ.

"ఇట్టా పూసుకుని పోతే డాక్టరుగారికేం కనపడుద్దక్కా?"

"మందాపేస్తేనో?" అన్నాను.

"ఆపనీ," అంది. చేతులు తుడుచుకుని చెప్పులేసుకుంది.

ఆసుపత్రిలో మందు మార్చారు. ఇప్పుడు నా పాప ఒంటిమీద చిన్న దద్దురు కనిపించినా పసుపు గిన్నె పట్టుకుని ఆగిపోతాను. అంత భయపడే మనిషి ఆ పసుపు ఎలా కడుక్కోగలిగిందో నాకింకా అర్థం కాదు.