దబ్బనం దిగిన కన్ను

మొన్న కళ్లద్దాలు మార్పించుకుందామని వెళ్తే, అక్కడి అమ్మాయి నా ఎడమ కన్ను మూసి గోడమీది అక్షరాలు చదవమంది. రెండో వరుసలోనే తడబడ్డాను. ఒంటికంటికి లోకం ఎంత ఇరుకైపోతుందో తెలిసొచ్చి, మా మేనత్త గుర్తుకొచ్చింది.

అత్త ఆర్మూర్ పసుపు మార్కెట్లో బస్తాల మూతులు కుట్టేది. ఆ దుమ్ముకు అందరూ తుమ్ముతుంటే, ఆమె మాత్రం గేటు దాకా వినబడేలా ముచ్చట్లు చెప్పేది. ఒకరోజు బస్తాలో బిగుసుకున్న దబ్బనాన్ని బలంగా లాగితే, అది ఒక్కసారిగా ఊడొచ్చి కుడికంట్లో దిగింది. చనుబాలు పోయిస్తే తగ్గుతుందని పక్కనామె చెప్పినా వద్దని, కొంగు అదుముకుని ఇంటికొచ్చి పడుకుంది. తెల్లారేసరికి రెప్ప ఉబ్బిపోయి, నల్లగుడ్డు ముందు తెల్లటి చీము పేరుకుంది. ఆ కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. దుబాయిలో ఉన్న మామ ఫోన్లో, "నేనొచ్చేదాక జర ఆగు" అన్నాడు.

"నువ్వొచ్చేదాక కన్ను ఆగుతదా?" అని ఫోన్ పెట్టేసి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

నిజామాబాద్‌లో చూసిన డాక్టర్ ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పొమ్మన్నాడు. అక్కడి పెద్ద డాక్టర్ ఏదీ దాచలేదు. "దబ్బనంతో క్రిములు లోపలికి పోయాయమ్మా. కంట్లోకే మందు ఎక్కించాలి, ఆపరేషన్ చేసి చీము తీయాలి. చూపు వస్తుందని మాటివ్వలేను. ముదిరితే కన్నే తీసేయాలి."

అత్త, "తీసుడు ముచ్చట ఆఖర్ల జూద్దాం సారూ. ముందుగాల సూదెయ్యి, నేను కదల" అంది. నిజంగానే కదల్లేదు. ఆమె పట్టుకున్న నా చెయ్యి మాత్రం నలిగిపోయింది.

ఆపరేషన్ అయ్యి కట్టు విప్పాక రోజూ పొద్దున్నే, "కోడలా, చెయ్యి ఊపు" అనేది. మొదట ఏమీ లేదు. తర్వాత ఏదో కదిలినట్టు. చివరికి ఎదురుగా మనిషి ఉన్నారని తెలిసేంత చూపు మిగిలింది. మొహం పోల్చుకోలేకపోయేది. అయినా కన్ను దక్కింది. ఇంటికొచ్చాక చాయ్ గ్లాసులో పోయబోయి పక్కన పోసేది, మెట్టు తప్పి తూలేది. ఎవరైనా పట్టుకోబోతే కసిరేది. మరుసటి పంటకు ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టుకుని మార్కెట్‌కు పోయింది. కుట్లు వంకర పోతాయేమోనని పనిచ్చే దుకాణదారు నసిగాడు.

"కుట్టినంక జూసి మాట్లాడు" అని బస్తా ముందు కూర్చుంది.

కాలమే అన్నీ సర్దుతుందంటారు. అత్తను చూశాక, ఆ కాలానికి కూడా ఎవరో ఒకరు పక్కన నిలబడి పని చెప్పాలేమో అనిపిస్తుంది.