తొలి వల కూర

నాకు మతిమరుపు లేదు. ఎవరైనా నన్ను దెబ్బతీస్తే ఆ గాయం పదేళ్ళయినా పచ్చిగానే ఉంటుంది. ఇది మొన్నటి సంగతి, కాబట్టి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నకరికల్లు దగ్గర మాకున్న కాస్త పొలంలో పత్తి కలిసిరాక, నేనూ మా ఆయనా చెరువు తవ్వించి మంచినీటి రొయ్యలు వేశాం. కాలవ నీళ్ళు రానప్పుడు పక్కనున్న వాగు నుంచి ఇంజను పెట్టి తోడుకునేవాళ్ళం. ఆ వాగులోనే నత్తలు ఏరి, రాయితో గుల్ల పగలగొట్టి, మాంసం చెరువులో చల్లేవాళ్ళం. నత్త తిన్న రొయ్య త్వరగా బరువెక్కుతుంది. ఎంత రుద్దినా నా చేతులకి ఆ నీచు వాసన పోయేది కాదు.

ఈసారి రొయ్యలు ఏపుగా పెరిగాయి. పట్టే ముందు కొనేవాళ్ళు కొన్నిటిని పరీక్షకు తీసుకెళ్ళారు. వాళ్ళ మనిషి ఫోన్ చేసి, రొయ్యల్లో సీసం ఉంది, అమ్మొద్దు, తినొద్దు అన్నాడు. తర్వాత వాగు నీళ్ళూ నత్తలూ కూడా చూశారు. నత్తల్లో మరీ ఎక్కువట. వాగులోని విషం నత్తలోకి పోయింది, ఆ నత్తను నేనే నా చేత్తో రొయ్యకు పెట్టాను. చెరువంతా ఖాళీ చేసి పంటను గుంటలో పూడ్చమన్నారు. ఆ రోజు నేను ఏడవలేదు. ఏడిస్తే కోపం పలచబడుతుందని భయం.

వాగుకు ఎగువన ఉన్నది ఒకటే షెడ్డు. దాచేపల్లి వైపు తిరిగే సిమెంటు లారీల పాత బ్యాటరీలు తెచ్చి పగలగొట్టి, అందులోని సీసం కరిగించి అమ్ముతారు. కడిగిన నీళ్ళు గొట్టంతో వాగులోకి వదులుతారు. యజమాని మాకు చుట్టం కాదు గానీ నన్ను వదినా అంటాడు. భార్యతో షెడ్డు పక్కనే కాపురం.

పాలకేంద్రం దగ్గర పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాను. వాగులో సీసం కలుస్తోందని మాత్రమే చెప్పాను, ఎవరి పేరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు షెడ్డు ఆయనే లేచాడు.

"సీసం నీ కంటికి కనపడిందా వదినా? రేటు పడిపోయిందని మా మీద పడతన్నావు. నీ రొయ్యలకేం కాలా. తొలి వల మా ఇంటికి పంపు, తిని చూపిస్తా."

తొలి వలలో పడ్డవి ఇరుగుపొరుగుకు పంచాకే మా చెరువు మీద అమ్మకానికి కాటా పెడతాం. నీళ్ళు పైనుంచి వస్తాయి కనుక ఎగువ ఇంటికి ముందు పంపడం ఆనవాయితీ. పెద్దమనుషులు "అట్టాగే కానీయమ్మా" అని నవ్వుకుంటూ లేచారు. ఆ నవ్వు నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మర్నాడు, ఇంకా పూడ్చని ఆ రొయ్యలే కొన్ని పట్టించి, గసగసాలు నూరి, అల్లం వెల్లుల్లి దంచి కూర వండాను. కోపంతో వండితే కూర చెడుతుందంటారు గానీ అది అబద్ధం. మా ఆయన పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నిజంగానే తింటేనో?"

"తిననీ" అన్నాను. ఆ మాట మనసులోంచే వచ్చింది.

ముందురోజు నవ్విన పెద్దమనుషుల్నే వెంటబెట్టుకుని వాళ్ళింటికి పోయాను. గిన్నె ఆయన ముందు పెట్టి మూత తీశాను. "మరిదీ, తొలి వల. తిను."

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది ఆయనకు. "మొక్కుంది వదినా, ఈ వారం నీచు ముట్టను" అన్నాడు.

"మొక్కేంది? పొద్దున కోడిగుడ్డు తిన్నావు గదయ్యా" అంది, పళ్ళేలు తెస్తూ ఆయన భార్య. ఆమెకు ఐదో నెల. పంచాయితీ సంగతి ఇంట్లో చెప్పినట్టు లేదు. "కూర వాసన చానా బాగుంది అక్కా" అని గిన్నెలోంచి ఒక రొయ్య తీసుకుంది.

ఆపడానికి నేను చెయ్యి చాపేలోపే ఆయన ఆమె చేతి మీద కొట్టాడు. రొయ్య కింద పడింది.

"తినమాకే" అన్నాడు.

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా కడుపు చల్లబడింది. దాచుకోవడం ఎందుకు, ఆ క్షణం పండగలా ఉంది నాకు.

"ఎందుకు తినకూడదు?" అని ఆమె నన్ను అడిగింది.

"మీ షెడ్డు నీళ్ళలో సీసం ఉందమ్మా. ఆ నీళ్ళలో పెరిగినయ్యి ఇయ్యి" అన్నాను.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మన బోరు షెడ్డు వెనకమాలే గదా. నేను రోజూ తాగేది ఆ నీళ్ళేగా?"

ఆయన నా వైపు చూశాడు, ఏమీ కాదని నేనైనా ఒక మాట అంటానేమోనని.

నేను కింద పడ్డ రొయ్యను తీసి గిన్నెలో వేసి మూత పెట్టాను. మా ఇంట్లో క్యాన్ నీళ్ళున్నాయి, వచ్చి తాగమని ఆమెకు చెప్పాను. ఆయనకు చెప్పలేదు.