పునాది గుంటలో దొరికిన కప్ప

నా చిన్నప్పుడు కొండాపూర్‌లో నేను పెంచుకున్న కప్ప ఒకటి చనిపోయింది. పక్కింటి అక్క జబ్బు కప్పను ఇవ్వడం వల్లే అలా జరిగిందని మా ఇంట్లో మొన్నమొన్నటిదాకా నమ్మారు. అది నిజం కాదు.

తొంభైల చివర్లో నాన్న బదిలీ మీద గుంటూరు నుంచి వచ్చి అక్కడ అద్దెకు దిగాం. చుట్టూ ఎక్కడ చూసినా పునాదులు తవ్వేవారు. పక్కింటి అక్క ఆ ఊళ్లోనే పుట్టి పెరిగింది, డిగ్రీ చదివేది. తవ్వకాల్లో బయటపడ్డ కప్పల్ని కాంక్రీటు పోసేలోపే ఏరి తెచ్చి, మట్టి నింపిన గాజు తొట్లలో ఉంచి, వానలు పడగానే చెరువు దగ్గర వదిలేది. వాళ్ల నాన్నకు అది నచ్చదు. ఇరుగుపొరుగు ఒక్క మాట అన్నా తొట్లన్నీ పారేస్తానని ముందే చెప్పాడు.

నాకూ ఒకటి కావాలని వెంటపడ్డాను. ఎక్కువ చాకిరీ లేనిదే కావాలన్నాను. ఆమె నవ్వి, ఎగిరే పచ్చకప్పల్ని వదిలేసి, నిమ్మకాయంత గుండ్రటి కప్పను ఎంచింది.

"గిది మట్టిల దాక్కునే కప్ప. చిన్న తొట్టి సాలు. ఎగురది, లొల్లి చెయ్యది. నీ అసొంటి సోమరోనికి మంచిగ కుదుర్తది," అంది. "రెండు రోజులకోపారి చీమలెయ్యి. మట్టి మాత్రం ఆరనియ్యకు, రోజు వేలు గుచ్చి సూడు. దూపైతే అది నిన్ను పిలిచి అడగది."

దూప అంటే దాహమని నాకు తెలుసు. అయినా నా చెవికెక్కింది చాకిరీ లేదన్న మాటే. మొదటి వారం రోజూ వేలు గుచ్చాను. తర్వాత సెలవులొచ్చాయి, క్రికెట్టు మొదలైంది. ఎలాగూ మట్టిలో ఉండేదే కదా అని ఎనిమిది తొమ్మిది రోజులు తొట్టివైపు పోనేలేదు. పోయి చూసేసరికి ఎండిన చింతపండు ముద్దలా ఉంది.

అమ్మ అడిగితే, రోజూ నీళ్లు చల్లానని, ఇచ్చినప్పుడే అది నీరసంగా ఉందని చెప్పాను. అమ్మ ఆ తొట్టి తీసుకుని నన్ను వెంటబెట్టుకుని వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లింది.

"ఏమ్మాయ్, జబ్బు కప్పని పిల్లాడికి అంటగట్టావేంటి? పొద్దుట్నించీ ఏడుస్తున్నాడు."

నేను ఏడవను కూడా లేదు.

అక్క మట్టిలో అడుగుదాకా వేలు గుచ్చింది. వేలికి పొడి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. నావైపు చూసింది. నేను అమ్మ వెనక్కి జరిగాను.

"అవును ఆంటీ, తప్పు నాదే. జర సూసి ఇయ్యాల్సుండె," అంది.

లోపలి నుంచి వాళ్ల నాన్న వచ్చాడు. "నే జెప్పలే? ఇగ బంద్ చెయ్యి గీ కప్పల పంచాది."

ఆ సాయంత్రమే తొట్లు ఖాళీ అయ్యాయి. వానలకు ఇంకా నెల ఉంది. కప్పలున్న బకెట్టు పట్టుకుని ఆమె ఎండిపోయిన చెరువు వైపు నడుస్తుంటే కిటికీలోంచి చూశాను. అప్పుడైనా వెళ్లి వాళ్ల నాన్నకు నిజం చెబితే ఆగిపోయేది. చెప్పలేదు. ఆమె ఆ తర్వాత కూడా నన్ను ఎప్పటిలాగే పలకరించింది. నేనే తప్పించుకు తిరిగాను.

తర్వాత ఆ ఇల్లు పోయి అపార్టుమెంటు వచ్చింది. వాళ్లెక్కడికి వెళ్లారో తెలియదు. పోయిన నెల ఏదో మాటల్లో అమ్మ "ఆ జబ్బు కప్పల పిల్ల" అని నవ్వితే ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. అమ్మ మొహంలో నవ్వు పోయింది. "ఇన్నేళ్లూ ఆ పిల్లని అంటుంటే ఎలా విన్నావురా?" అంది.

అక్క నావైపు చూసినప్పుడు ఆ చూపులో కోపం లేదు. నేనే చెబుతానేమోనని కాసేపు ఆగింది, అంతే. ఇప్పుడు నా పిల్లలు తప్పు చేసి మాట తడబడితే నేనూ అలాగే ఆగుతాను. వాళ్లు చెప్పేస్తారు. నేను చెప్పలేదు.