మిరియాల తూటా

కుందేలు కూరలో మిరియాలు వేయడం హిందూపురం చుట్టుపక్కల కొత్త సంగతి కాదు. ప్రాణంతో కూర్చున్న కుందేలు మీద వేయడం మాత్రం 1957 కార్తీకంలో, చిలమత్తూరు దగ్గర కోతలైపోయిన సెనక్కాయ చేనులో, తిమ్మరాజుగారి చేతుల మీదుగా మొదటిసారి జరిగింది.

దూరం ముప్పై అడుగులకు మించి లేదు. తుపాకి రెండు గొట్టాలది. గాలి కూడా లేదు. తిమ్మరాజు ఊపిరి బిగబట్టి కుడి గొట్టం పేల్చాడు. పొగ లేచింది. కుందేలు చెవులు నిక్కించి పొగ వైపు చూసింది, రెండుసార్లు ముక్కు ఎగరేసింది, ఏదో పని గుర్తొచ్చిన దానిలా లేచి గట్టు దాటి వెళ్ళిపోయింది. రెండో గొట్టం పేల్చే అవసరం రాలేదు. పొగ విడిపోతుంటే చేనంతా చారు తిరగమోత వాసన పరుచుకుంది. వెంట వచ్చిన గంగాధర్ ఆ వాసనకు తనకు ఆకలేస్తోందన్నాడు. గంగాధర్ పెనుకొండ తాలూకా కచేరి ముందర అర్జీలు రాసి బతికే మనిషి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అతని వృత్తిలోంచి ఒంట్లోకి దిగిపోయింది. అయినా ఆ మాట ఆ సమయంలో అనకుండా ఉండాల్సింది.

తిమ్మరాజు రెండో తూటా బయటికి లాగి అక్కడే కత్తితో చీల్చాడు. సీసం గుండ్లు రాలవలసిన అరచేతిలో మిరియాలు రాలాయి. మంచి రకం మిరియాలు, పుల్ల గానీ పొట్టు గానీ లేదు. పొట్లంలో పైన ఉన్న ఇంకో తూటాను సాక్ష్యం కోసం రుమాల్లో మూటగట్టి, ఆయన హిందూపురం బస్సెక్కాడు. బస్సు హిందూపురం చేరేలోగా ఆయనకు సంగతి బోధపడింది. తుపాకులు బాగుచేసే బల్ల మీద మిరియాలుండవు. మిరియాలుండేది వంటింట్లో. ఆ తూటాలు నింపి అమ్మిన లింగప్ప వంటింట్లో ఉండేది అతని పెళ్ళాం చౌడక్క.

చౌడక్కది కన్నడం మాట్లాడే అగళి. పుట్టింట్లో గొర్రెలుండేవి. బొచ్చు కత్తిరించే రోజుల్లో తక్కెడ వెతుక్కునే పని లేకుండా, పదేళ్ళ పిల్ల బొచ్చు మూటను చేత్తో ఎత్తి ఇంతుందని చెప్పేది. తర్వాత తూచి చూస్తే అంతే ఉండేది. పెళ్ళై హిందూపురం వచ్చాక ఆ విద్యకు పదిహేనేళ్ళు పనిలేకుండా పోయింది. మొగుడు లింగప్పకు చింతపండు మండీ సందులో తుపాకులు బాగుచేసే అంగడి. వాడిన తూటాల డొల్లలు తెచ్చిస్తే మళ్ళీ మందు, గుండ్లు నింపి ఇచ్చేవాడు. అందుకు లైసెన్సు ఉండేది. ఆ కాగితానికి అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. చిలమత్తూరు నుంచి తాడిమర్రి దాకా వేటకు పోయేవాళ్ళందరూ లింగప్ప చేతి గుణం గురించి చెప్పుకునేవారు.

యాభై మూడులో లింగప్ప కళ్ళకు మబ్బు కమ్మింది. ఎదురుగా నిలబడిన మనిషి కూడా పొగలా కనిపించసాగాడు. సంగతి బయటపడితే లైసెన్సు పోతుంది. అది పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని చౌడక్క ఎవరినీ అడగకుండా పనిముట్లు వంటింట్లోకి మార్చుకుంది. ముందర లింగప్ప కూర్చుని మాట్లాడేవాడు. లోపల ఆమె నింపేది. పాత కంబళిని గుండ్రంగా కత్తిరించి మందుకూ గుండ్లకూ మధ్య బిరడా పెట్టేది, పైన అట్టముక్క మూత వేసేది. ఇద్దరికీ మధ్య ఒక ధర్మవరం పాత చీర తెరగా వేలాడేది.

తెర వెనక కూర్చుంటే వేటగాళ్ళ గొప్పలన్నీ వినపడతాయి. ఎవరికి ఎలాంటి తూటా నింపాలన్నది లింగప్ప తుపాకిని బట్టి చెప్పేవాడు, చౌడక్క మనిషిని బట్టి తేల్చేది. కిరాణా కొండప్ప పేల్చేటప్పుడు రెండు కళ్ళూ మూసుకుంటాడని అతని కథల్లోనే ఆమెకు తెలిసింది. అతనికి సన్నగుండ్లు ఎక్కువగా పోసేది, ఏదో ఒకటి తగలకపోతుందా అని. దూరం నుంచే తొందరపడేవాళ్ళకు పెద్దగుండ్లు పెట్టేది. తిమ్మరాజు దగ్గర మాత్రం ఆమె తెలివి పారలేదు. ఆయన జంతువు వెళ్ళిపోయిన తర్వాత పేలుస్తాడు. అలాంటి మనిషికి ఏ తూటా నింపాలో ఆమెకు నాలుగేళ్ళుగా తోచలేదు.

మరి ఇంత చేతి నేర్పు ఉన్న మనిషి మిరియానికీ సీసానికీ తేడా తెలుసుకోలేదా అంటే, ఆ తూటాలు నింపిన రోజు చౌడక్క చలిజ్వరంతో పడుకుంది. చూసుకోవడానికి లింగప్ప చెల్లెలు రామాంజినమ్మ ధర్మవరం నుంచి వచ్చింది. మగ్గం ఉన్న ఇంటి కోడలు, శుభ్రం ఎక్కువ. వచ్చిన పూటే వంటింట్లో డబ్బాలన్నీ తోమి, తుడిచి, ఎత్తు ప్రకారం సర్దిపెట్టింది. అలా గుండ్ల డబ్బా, మిరియాల డబ్బా పక్కపక్కన చేరాయి. అంతలో తిమ్మరాజు మనిషి పది తూటాలకని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నింపినవి ఏడే ఉన్నాయి. పాపం వదిన లేవలేకపోతోంది కదా అని రామాంజినమ్మ మిగతా మూడూ తనే నింపి, పొట్లంలో అన్నిటికన్నా పైన పెట్టింది. పట్టుపోగులు లెక్కపెట్టమంటే రెప్పపాటులో చెప్పగలదు గానీ, బరువు సంగతి ఆమెకేం తెలుసు.

సాయంత్రానికి తిమ్మరాజు అంగడికి వచ్చేసరికి కొండప్ప, ఇంకా ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. ఆయన జేబులోంచి మిరియాలు తీసి బల్ల మీద పోశాడు.

"ఏమప్పా లింగప్పా, ఇదేందో చూసి చెప్పు."

లింగప్ప వేళ్ళతో తడిమాడు. ఒకటి నోట్లో వేసుకుని కొరికాడు.

"మిరియాలు," అన్నాడు.

"చూసి చెప్పమంటి. తిని చెప్పమన్లేదే."

తిమ్మరాజు తన చేతిని లింగప్ప ముఖం ముందు ఆడించాడు. లింగప్ప రెప్ప వేయలేదు. ఇక చెప్పేదేముంది, నాలుగేళ్ళ గుట్టు ఆ బల్ల మీద మిరియాలతోపాటు పరుచుకుంది.

ఆ తర్వాత ఎవరి లెక్కలు వాళ్ళు తీశారు. పోయిన ఏడు తనకు తప్పిన అడవిపంది ఎందుకు తప్పిందో కొండప్పకు ఇప్పుడు తెలిసొచ్చింది. ఆడదాని చేయి తగిలిన తూటాకు వేట యాడ పడతాదన్నారు ఒకరు. తన తుపాకికి తుప్పు పట్టింది కూడా అందువల్లేనన్నారు ఇంకొకరు. ఆ నాలుగేళ్ళలో తగిలినవి కూడా అదే చేతి తూటాలకు తగిలాయన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు. తిమ్మరాజు తెర వైపు తిరిగి, గంగాధర్ చేత అర్జీ రాయించుకొచ్చి సోమవారం ఇక్కడే సంతకం పెడతానని, కళ్ళు లేని మనిషి పేరిట వంటింట్లో ఆడమనిషి మందు కూరుతోందని పైకి పంపిస్తానని, ఆ అద్దం పటం దించుకోవడానికి సిద్ధంగా ఉండమని చెప్పి వెళ్ళాడు.

లోపల రామాంజినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తానే పోయి ఒప్పుకుంటానంది.

"గమ్మునుండు," అంది చౌడక్క. "ఒగాడదాని చేతికే ఇంత గోల చేస్తాండారు. ఇంగో ఆడదుండాదంటే ఈ సందులోనే నిలవనీరు."

అలా తప్పును తన మీద వేసుకున్నాక ఆమె మరదలికి జీవితాంతం సరిపడా తిట్లు కన్నడంలో తిట్టింది. తెలుగులో తిడితే లింగప్పకు అర్థమవుతుందని కాదు, కోపం ఎక్కువైతే ఆమెకు నోరు పుట్టింటికి వెళ్ళిపోయేది. లింగప్ప మాత్రం తిమ్మరాజు ఇంటికి పోయి కాళ్ళ మీద పడి రమ్మన్నాడు. జ్వరం తగ్గాక ఆలోచిస్తానంది. జ్వరం ఆ పొద్దే తగ్గింది, ఆలోచించడం మాత్రం సోమవారం దాకా పట్టింది.

సోమవారం అందరూ వచ్చారు. గంగాధర్ బల్ల మీద కాగితం పరిచి, అప్పటికే రాసుకొచ్చిన అర్జీ పైకి చదివాడు. సదరు లింగప్ప అను అతను, సదరు తూటాలు, సదరు మిరియాలు అంటూ అర్జీ గంభీరంగా సాగింది. చివర సంతకానికి తిమ్మరాజు కలం అందుకున్నాడు. అప్పుడు తెర పక్కకు జరిగింది. చౌడక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందరికొచ్చి, నాలుగేళ్ళుగా తాను లేనట్టే నడిచిన ఆ అంగడిలో, వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. అక్కడ అంతకుముందు కూర్చున్న కొండప్ప లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తర్వాత చాలా రోజులు అతనికే తెలియలేదు.

"గంగాధరప్పా, ఆ రుమాల్లో ఉండే తూటా ఒగ చేతిలో పెట్టుకో," అందామె. "ఇంగో చేతిలో ఇది పెట్టుకో." అంటూ తాను నింపిన తూటా ఒకటి ఇచ్చింది.

గంగాధర్ రెండు చేతులూ తక్కెడలా ఆడించాడు. కనుబొమలు పైకి లేచాయి.

"ఇది ఉత్త డొల్ల మాదిరి ఉండాది కదమ్మా."

ఆమె రెండూ తీసుకుని కలిపేసి మొగుడి చేతుల్లో పెట్టింది. లింగప్ప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎడమచేతిలోది ముందుకు చాపి, ఇది మిరియాలన్నాడు.

"చూపు లేనోడికి తెలిసిపాయ," అంది చౌడక్క గంగాధర్‌తోనే. "చూపుండే తిమ్మరాజప్ప చేతికి తెలిసిందా లేదా, అదొగటి అర్జీలో రాసుకో."

గంగాధర్‌కు అది న్యాయంగా తోచింది. పైగా అర్జీలో ఖాళీ కనిపిస్తే అతనికి నిద్ర పట్టదు. కలం వెనక్కి తీసుకుని, తూటా పొట్లంలోంచి తీసిందెవరని అడిగాడు. తానేనన్నాడు తిమ్మరాజు. గొట్టంలో పెట్టింది? అదీ తానే. గంగాధర్ రాస్తూ పైకి చదివాడు: "సదరు తూటా ఉత్త డొల్లవలె తేలికగా ఉన్ననూ, అర్జీదారుడనైన నేను దానిని స్వహస్తములతో తీసి, స్వహస్తములతో గొట్టమున నుంచియు, గ్రహింపలేనివాడనై..."

"అది కొట్టేయ్," అన్నాడు తిమ్మరాజు.

"కొట్టేస్తే ఆపీసరు అడుగుతాడప్పా, బరువు తెలీలేదా అని."

"తెలిసిందని రాయి."

"అట్ల రాస్తే, తెలిసీ కుందేలు మింద మిరియాలు ఎందుకు కాలిస్తివని అడుగుతాడు."

తిమ్మరాజు అర్జీ వైపు చూశాడు, గంగాధర్ వైపు చూశాడు. కొండప్ప దగ్గు తెచ్చుకుని సందులోకి వెళ్ళిపోయాడు. తిమ్మరాజు చెప్పులు వెతుక్కున్నాడు. ఒకటి బెంచీ కింద ఉంది. చౌడక్క కాళ్ళు జరపలేదు. ఆయన వంగి తీసుకోవలసి వచ్చింది. అర్జీ సంతకం లేకుండానే బల్ల మీద మిగిలిపోయింది. గట్టి కాగితం, వృథా చేయడం ఎందుకని ఆ వారం ఆమె దాన్ని గుండ్రంగా కత్తిరించి తూటాలకు మూతలు వేసింది. తాడిమర్రి వాళ్ళు కొనుక్కుపోయిన తూటాల్లో కొన్నిటి మీద "సదరు" అనీ, ఒకదాని మీద "గ్రహింపలేని" అనీ ఉండేది.

ఇంతటితో ఊరు ఆమెను నెత్తిన పెట్టుకుందనుకుంటే పొరపాటు. వేటకు బయల్దేరేవాళ్ళు పొద్దున్నే ఎదురుగా ఆమె ముఖం చూడకుండా తల తిప్పుకుని తూటాలు తీసుకునేవారు. ఆమె కూడా ఎవరికీ పొట్లం కట్టి ఇవ్వడం మానేసింది. ఒక్కొక్క తూటా తీసి కొనేవాడి అరచేతిలో పెట్టి, బరువు తెలిసిందా అని నలుగురిలో అడిగేది. తెలిసిందనేదాకా రెండోది తీసేది కాదు. 1960లో లైసెన్సు కాగితం మీద లింగప్ప పేరు కింద ఆమె పేరు చేరింది. ఆ అర్జీ కూడా గంగాధరే రాశాడు. దాంట్లో ఖాళీలేవీ లేవట.

తిమ్మరాజు పగతో బెంగుళూరు నుంచి కంపెనీ తూటాలు తెప్పించుకున్నాడు. ఎర్రగా, నున్నగా, అన్నీ ఒకే బరువుతో ఉండేవి. వాటితో కూడా ఆయనకు ఏమీ తగల్లేదు. తగలకపోవడం ఆయనకు అలవాటే, కానీ కంపెనీ తూటా గురి తప్పితే తిట్టడానికి మనిషి దొరకడు. అదే ఆయన్ను లోపల తినేసింది. ఆరేడేళ్ళు ఓర్చుకుని, అరవై నాలుగులో ఒక పొద్దు చింతపండు మండీ సందులోకి వచ్చి, గోడ వైపు చూస్తూ పది తూటాలన్నాడు. చౌడక్క ఆయన్ను ఎగాదిగా చూసింది. జంతువు పోయాక పేల్చే మనిషికి ఏం నింపాలో ఆమెకు ఈలోగా తోచింది. గుండ్లు కుందేలు కూర్చున్న చోటుకే కాక, అది పోబోయే చోటుకు కూడా పరుచుకునేలా నింపింది. పదీ ఒక్కొక్కటే ఆయన అరచేతిలో పెట్టి, పదిసార్లూ అడిగింది. ఆయన గోడతోనే పదిసార్లూ తెలిసిందన్నాడు.

నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు. దవడకు తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళ వేటలో తనకు మొదటిసారి కుందేలు పడిందన్న మాట మాత్రం చెప్పలేదు. గుప్పిట విప్పి బల్ల మీద ఒక సీసం గుండునూ, దాని పక్కన ఒక పన్నునూ పెట్టాడు. ఏడేళ్ళలో మొదటిసారి గోడను వదిలేసి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏమ్మా చౌడక్కా, కూరలో నీ గుండు తగిలి పన్ను ఊడిపాయ. దీనికేమంటావు?"

చౌడక్క గుండు తీసుకుని డబ్బాలో వేసుకుంది. పన్ను ఆయన వైపు జరిపింది.

"దానికేనప్పా, ఆ పొద్దు మిరియాలు పెట్టిండేది."