పాలపొడి లేని క్యాప్సూల్

మా ఇల్లు నంద్యాలలో, నేను పనిచేసే బడి ఆళ్లగడ్డలో. పదో తరగతికి లెక్కలు చెప్తాను. పొద్దున బస్సెక్కిన మనిషి నేరుగా ఆళ్లగడ్డలో దిగాలి కదా, నేను మాత్రం ఎన్నోసార్లు దారిలో శిరివెళ్లలోనే దిగిపోయేదాన్ని. కడుపు అంత పని చేసేది. సిగ్గు చంపుకొని ఎవరింట్లోనో బాత్రూం అడిగి, తర్వాతి బస్సు పట్టుకునేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. చివరికి హెడ్మాస్టర్ పిలిచి, ఇలాగైతే పదో తరగతి వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ క్లాసు నాది.

డాక్టరు పరీక్షలు చేయించి, నాకు పాలు పడవని తేల్చాడు. పాలతో చేసినవి మానేసి, కడుపులో మంచి బ్యాక్టీరియా కోసం ప్రొబయోటిక్ వాడి చూడమన్నాడు. అందరికీ పనిచేస్తుందన్న హామీ లేదని కూడా చెప్పాడు. మందుల షాపులో పొడి ప్యాకెట్లు ఇచ్చారు. ఇంటికి తెస్తే మా అత్త ఒకటి చింపి, ఎంతో ప్రేమగా చెంబుడు మజ్జిగలో కలిపింది.

"మజ్జిగ కూడా పాలే కదత్తా!"

"దీంట్లో పాలు యాడుండాయే? వెన్న తీసేస్తి, నీళ్లు పోస్తి. కడుపుకు సల్లన, తాగు."

మా ఇంట్లో మజ్జిగ పోసుకోకుండా లేస్తే అన్నం తిన్నట్టే కాదు. ఆమెకు కోపమొచ్చినా సరేనని, వేరే ప్యాకెట్ నీళ్లలో కలుపుకొని తాగాను. రోజూ అలాగే తాగాను. అయినా మళ్లీ శిరివెళ్లలోనే తేలాను.

అప్పుడు ప్యాకెట్ వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలను ఫోన్లో ఫొటో తీసి, పెద్దవి చేసి చదివాను. పాలపొడి! పాలు పడవని చెప్పించుకొని, డబ్బులిచ్చి మరీ పాలపొడి తాగుతున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రం నేరుగా షాపుకు పోయాను.

"పాలపొడి లేంది చూపియ్యప్పా."

"అందరూ ఇదే తీస్కపోతాండారక్కా. రవ్వంత ఉంటాది, ఏం గాదులే."

"ఆ రవ్వంతే నన్ను బస్సు దింపుతాండాది. ఉన్నవన్నీ ఈడ పెట్టు."

వెనక నిలబడ్డవాళ్లు గొణిగారు. గొణగనీ అనుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కో డబ్బా చదివి, లాక్టోజ్ అనే పాలచక్కెర ఉన్నదాన్ని, పాలపొడి ఉన్నదాన్ని పక్కకు నెట్టాను. చివరికి పాల పదార్థాలేవీ లేవని రాసిన క్యాప్సూళ్లు దొరికాయి. డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టాను.

కడుపు మెల్లగా కుదుటపడింది. క్యాప్సూల్ వల్లా, పాలు చుక్క కూడా ముట్టనందువల్లా అని అడిగితే, రెండూ కావచ్చన్నాడు డాక్టరు. ఏదైతేనేం!

ఒక పొద్దున కడుపునిండా బొరుగుల ఉగ్గాని తిని మరీ బస్సెక్కాను. శిరివెళ్లలో బస్సు ఆగగానే, నా సంగతి తెలిసిన కండక్టర్ దారి ఇచ్చి నిలబడ్డాడు.

"దిగు మేడం, బేగ!"

"దిగేది లేదు. ఆళ్లగడ్డకే పోతాండా. రైట్ చెప్పప్పా!"

బస్సంతా నావైపు తిరిగింది. తిరగనీ. రాజ్యం గెలిచినంత సంతోషంగా ఉంది నాకు.

బెల్లు కొట్టేసరికి చాక్‌పీసు పట్టుకొని పదో తరగతిలో నిలబడి ఉన్నాను. హెడ్మాస్టర్ కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి, గడియారం చూసుకొని వెళ్లిపోయాడు.

"పుస్తకాలు తీయండి" అన్నాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది.