మామయ్య దోమల గొట్టం

ఈ వానాకాలం మొదట్లో, యాప్రాల్‌లోని మా ఫ్లాటుకి దోమల విభాగం నుంచి ఒకామె తనిఖీకి వచ్చింది. బాల్కనీలో నేను మనీప్లాంటు పెట్టుకున్న సీసా ఎత్తి, అందులో నీళ్ళు తెల్లటి గరిటెలోకి ఒంచి, నా ముక్కు కిందకి తెచ్చింది. "చూడుండ్రి మేడం, ఇందుల ఎన్ని దోమపిల్లలున్నయో," అంది, తన పెరట్లో కాసిన కాయలు చూపించినంత సంబరంగా. చూశాను. వెంట్రుక ముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతూ, గరిటె కదిలినప్పుడల్లా మెలికలు తిరిగిపోతూ అడుక్కి జారుతున్నాయి. గరిటె పక్కకి నెట్టేసి మొహం తిప్పేసుకున్నాను. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను, చిన్న తరగతుల పిల్లల వాంతులూ చీమిళ్ళూ ఎత్తిపోశాను, అయినా పురుగు దగ్గర మాత్రం నా పెద్దరికం ఎందుకూ పనికిరాదు. పురుగంటే నాకు భయం కాదు, అసహ్యం. అది పుట్టింది మెట్టుగూడలోని మా పాత ఇంట్లో, పుట్టించింది మా మేనత్త భర్త.

నాన్నవాళ్ళది గుంటూరు వైపు. నాన్నకి ఇక్కడి బడిలో ఉద్యోగం దొరికి నానమ్మతో సహా మెట్టుగూడ చేరారు. అత్తయ్య మాత్రం రాంగోపాల్‌పేటలో పుట్టి పెరిగిన మామయ్యను చేసుకుంది. మా పక్క వాటాలోనే కాపురం, భోజనాలు అందరికీ మా ఇంట్లోనే. మామయ్య దోమలు పట్టేవాడు. ఎగతాళికి అనడం లేదు, మలేరియా ఆఫీసువాళ్ళు జీతమిచ్చి చేయించిన పని అది. తెల్లారేసరికల్లా టార్చిలైటూ, మూర పొడవు గాజు గొట్టమూ, దానికి తొడిగిన రబ్బరు ట్యూబూ సంచిలో వేసుకుని సైకిలెక్కేవాడు. గేదెల కొట్టాల్లో, మంచాల కింద, చీకటి గోడల మీద, రాత్రంతా జనం రక్తం తాగి కడుపులు ఎర్రగా ఉబ్బి కదలలేక వాలి ఉన్న దోమలు, ఆఫీసువాళ్ళు పొట్టలు కోసి చూడడానికి, ఆయనకు కావాలి. గాజు కొసను మెల్లిగా దోమ మీదికి తెచ్చి, రబ్బరు కొసను పెదాల మధ్య పెట్టుకుని, చప్పున పీల్చేవాడు. దోమ గొట్టంలోకి వచ్చేసేది. అవును, నోటితోనే పీల్చేవాడు. నేనూ మొదటిసారి విన్నప్పుడు మీలాగే మొహం పెట్టాను.

అంతటితో అయిపోతే బాగుండేది. అలా పట్టిన దోమలను చిన్న చిన్న గాజు బుడ్లలో వేసి, దూది కుక్కి, అవి చావకుండా తడి తువ్వాలు చుట్టి, ఆఫీసు తెరిచేదాకా మా భోజనాల బల్ల మీద పెట్టేవాడు. ఆ గది చల్లగా ఉంటుందట. ఒక పక్క బ్రెడ్డు, ఒక పక్క జాము, మధ్యలో తువ్వాల్లోంచి సన్నగా జుయ్యిమనే రొద. ఒకరోజు దూది ఊడిపోయి నాలుగైదు బయటపడ్డాయి. బరువుకి ఎగరలేక ఒకటి నా బ్రెడ్డు ముక్క మీదే వాలింది. కంగారులో అరచేత్తో కొట్టాను. వెన్న మీద చిక్కటి ఎర్ర మరక పడింది. ఎవరి రక్తమో, ఏ జ్వరం మనిషిదో! ఆ రోజు నేను చెయ్యి ఎన్నిసార్లు కడుక్కున్నానంటే అత్తయ్య చివరికి సబ్బు దాచేసింది. మామయ్య మాత్రం పోయిన దోమల కోసం బాధపడ్డాడు.

ఆయనకు ఆ పని మీద గర్వం ఉండేది. అన్నం తింటూ శాస్త్రం చెప్పేవాడు. చెడుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని లోకమంతా వందల ఏళ్ళు నమ్మిందట. "దోమ కడుపుల జూడుండ్రి అని దునియాకు చెప్పింది మన సికింద్రాబాదే బిడ్డా," అనేవాడు. ఇక్కడి మిలిటరీ ఆసుపత్రిలో ఒక తెల్ల డాక్టరు, పంకా విసిరితే దోమలు ఎగిరిపోతాయని అది ఆపించి ఎండాకాలపు ఉక్కలో చెమటలు కక్కుతూ వాటి పొట్టలు కోశాడట. ఆ దోమలు కుట్టడానికి కూలి పుచ్చుకుని చెయ్యి చాపిన రోగి మనవాడేనట. "డాక్టరు పేరు అందరికి ఎరుకే. చెయ్యి ఇచ్చినోని పేరు ఎవలన్న అడుగుతరా?" అని మామయ్య నిజంగానే నొచ్చుకునేవాడు. ఇంకెవరో మహా శాస్త్రవేత్త కుర్రతనంలో రెండు చేతుల్లో రెండు పురుగులుండగా మూడోది కనబడితే, ఒకదాన్ని గబుక్కున నోట్లో వేసుకున్నాడట, అది నాలుక మీద మండే రసమేదో కక్కిందట. ఆ కథ వచ్చేసరికి నేను కంచం వదిలేసి లేచేదాన్ని.

"ఏందే బిడ్డా, గట్ల మొఖం పెడ్తవ్? గిది జూడు," అని ఒకసారి గొట్టం విప్పి చూపించాడు కూడా. రబ్బరుకీ గాజుకీ మధ్య సన్నటి వలగుడ్డ కట్టి ఉంది. "దోమ గీడికే ఆగుతది. నోట్లకి గాలి దప్ప ఏం రాదు."

"మరి ఆ దగ్గేంటి మామయ్యా?"

"గది రెక్కల పొడి. జెరంత లోపలికి పోతది."

జెరంత చాలు నాకు. ఆయన పెరట్లో దగ్గి ఉమ్మే చప్పుడు వినబడితే చెవులు మూసుకునేదాన్ని. నానమ్మ ఆయన కోసం అంచు సొట్టపోయిన గ్లాసొకటి వేరుగా కిటికీలో పెట్టింది. చిన్నప్పుడు ఊళ్ళో కాఫీ హోటలు బయట మావాళ్ళకు విడిగా గ్లాసులు పెట్టేవారని, తన గ్లాసు తనే కడిగి బోర్లించి రావాల్సి వచ్చేదని, తల్చుకుని తల్చుకుని మండిపడిన మనిషే ఆవిడ. ఆ రెండు గ్లాసులూ ఒకటేనని ఆవిడకు తట్టలేదు, మాకెవరికీ తట్టలేదు. మామయ్య ఏమీ అడగకుండా అందులోనే తాగేవాడు.

నా పదిహేనో ఏట మా చర్చిలో కన్ఫర్మేషన్ అయింది. పసితనంలో పొందిన బాప్తిస్మాన్ని ఎదిగాక మన నోటితో మనం ఒప్పుకుంటే, అప్పటినుంచి ప్రభుబల్లలో పాలుపొందనిస్తారు. నెలకోసారి ఆ సంస్కారం. బల్ల ముందు చెక్క కమ్మీ దగ్గర వరసగా మోకరిస్తే, పాస్టరు అయ్యగారు ముందు రొట్టె, తరవాత ద్రాక్షారసం గిన్నె పట్టుకుని వస్తారు. ఒక్కటే గిన్నె. ఒకరు తాగాక అంచు తెల్లగుడ్డతో తుడిచి పక్కవాళ్ళకి అందిస్తారు. ఆ ఆదివారం మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తను కొనిచ్చిన కొత్త బైబిలు నా చేతిలో చూసుకుని మురిసిపోతూ, పక్కన చోటుంచి నన్ను సైగ చేసి పిలిచాడు. మోకరించాను. గిన్నె అటునుంచి వస్తోంది. అంటే ఆయన నోటి నుంచి నేరుగా నా నోటికి. ఆ రబ్బరు కొసా, పొడీ, వెన్న మీది మరకా అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. అందరూ చూస్తుండగానే లేచి, అమ్మ వెనకనుంచి తిరిగి, వరసలో ఆ చివరికి, గిన్నె ముందుగా వచ్చే వైపుకి వెళ్ళి మోకరించాను. మామయ్య పక్కన చోటు అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక ఆయనే అడిగాడు. "ఏమైంది బిడ్డా, గాడ ఏమన్న తక్లీఫ్ అయిందా?"

"మీ నోరు తగిలిన గిన్నె నాకు అసహ్యం," అనేశాను.

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. అమ్మ నన్ను కొట్టడానికి లేచింది. మామయ్య అడ్డం వచ్చి, "ఊకో అక్కా, పిల్ల ఉన్న మాటనే అన్నది," అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక లోపలికి పోయాను.

మరుసటి నెల సంస్కారం నాడు మామయ్య కూర్చున్నచోటి నుంచి లేవలేదు. అందరూ తీసుకుని వెనక్కి వచ్చేశాక, ఒక్కడే వెళ్ళి కమ్మీ చివర మోకరించాడు. ఆయన తరవాత ఇక ఎవరూ లేరు, మిగిలింది అయ్యగారు తాగేశారు. ఆ తరవాతి నెలా అంతే. రిటైరై గొట్టం ఆఫీసులో అప్పగించేశాక కూడా అంతే, పోయేదాకా అంతే. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులనేవాడు. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నా పిల్లల నోట్లోంచి సగం నమిలిన బిస్కెట్టు తీసి నేనే తిన్నాను. వెళ్ళి ఆయన పక్కన మోకరించి, ఆయన తరవాత ఆ గిన్నె అందుకుంటే సరిపోయేది. పది అడుగుల దూరం. సిగ్గేసి, వచ్చే నెల చూద్దాంలే అనుకునేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది. టైము దొరకలేదని చెప్పుకోవడానికి కూడా లేదు, నెలకోసారి చొప్పున ఇరవై మూడేళ్ళు కాలం ఆయన పక్కన నాకోసం చోటు ఖాళీగానే ఉంచింది.