థీమ్‌లు మార్చిన వియ్యంకుడు

మా వియ్యంకుడికి సూరత్ రింగ్ రోడ్‌లో చీరల దుకాణం ఉండేది. పాత చీరను కొత్త డబ్బాలో పెట్టి కొత్త డిజైన్ అని అమ్మడం అక్కడ మామూలే. ఆయన తన వెబ్‌సైట్‌నూ అలాగే నడిపాడు. గిరాకీ తగ్గినప్పుడల్లా థీమ్ మార్చేవాడు. ఒక్క నొక్కుతో రంగులు, అక్షరాల తీరు, బొమ్మల వరస అన్నీ మారిపోయేవి. పెళ్లికూతురు కూడా అన్నిసార్లు చీర మార్చదు.

"లుక్ మారాలె బావా, గిరాకీ అదే వస్తది" అంటూ ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టేవాడు.

ఏ థీమ్ వేసినా లోపల రాసిన మాటలు అవే ఉంటాయి. వాటిని ఆయన ఎన్నడూ చదవలేదు. పదో తరగతి పాసైన మనిషికి ఇక చదవాల్సిన పనేముంది?

ఒకసారి వరంగల్ వ్యాపారి ఒకాయన, సైట్ చూసి నచ్చితే పెళ్లి చీరల పెద్ద ఆర్డర్ ఇస్తానన్నాడు. వియ్యంకుడు హడావిడిగా బంగారు రంగు థీమ్ వేశాడు. సాయంత్రానికి ఆ ఆర్డర్ పక్క దుకాణానికి పోయింది.

"గింత మంచిగ మెరుస్తుంటె ఏం రోగం బావా వానికి? జర నువ్వన్న జూడు."

నేను అరవై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ని. కూడబలుక్కుంటూ మొదటి నుంచి చదవడమే నాకు తెలుసు. 'మా గురించి' అన్నచోట వేలు పెట్టి పైకి చదివాను.

"మీ దుకాణం గురించి ఇక్కడ నాలుగు మాటలు రాయండి."

"నువ్వెవరో నువ్వే చెప్పకపోతివి. నిన్నెట్ల నమ్ముతడు బావా?" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. ఫోన్ తీసుకుని, ఆ వాక్యం మీద వేలు పెట్టి అడిగాడు.

"గిది ఏ థీమ్ ఏస్తె పోతది బావా?"